తేదీ లేని ఎదురుచూపు: విజయనగరంలో ఒక కుటుంబం కేస్ స్టడీ

ఈ కేసు విజయనగరం పట్టణ శివారు కాలనీలో ఉంటున్న ఐదుగురి కుటుంబానిది. పట్టణ పేదల మధ్య పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా 2024 ఆగస్టులో నేను ఈ కేసు చేపట్టాను. పేర్లన్నీ మార్చాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్నింటిని వదిలేశాను, కొన్నింటిని మార్చాను. దీన్ని రాయడానికి కుటుంబ సభ్యులందరూ అంగీకరించారు.

కేసును మా దగ్గరికి పంపింది ఆ కాలనీ మహిళా సంఘాలను చూసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్. ఆమె ఇచ్చిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి. తండ్రీ కొడుకులిద్దరూ పనిలేకుండా ఇంట్లో ఉంటున్నారనీ, రోజూ గొడవలవుతున్నాయనీ, తండ్రి తిండి మానేశాడనీ వాటి సారాంశం. మాకు వచ్చే కేసుల్లో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. నిరుద్యోగాన్ని ఖాళీతనంగా చూడడం, ఖాళీతనాన్ని బద్ధకంగా లెక్కకట్టడం, దానికి మందుగా నాలుగు ధైర్యవచనాలో ఒక శిక్షణ తరగతో సూచించడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. అయితే ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నవారు ఒక్కరూ లేరు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి మూడు రకాల ఎదురుచూపులు మోస్తున్నారు, ఆ మూడింటిలో ఒక్కదానికీ తేదీ లేదు. వారిని కుంగదీసింది పని లేకపోవడం ఒక్కటే కాదనీ, ఎప్పటిదాకా ఎదురుచూడాలో చెప్పేవారు లేకపోవడం దానికి తోడైందనీ నేను ఈ కేసులో గట్టిగా నమ్మాను. చికిత్స కూడా ఆ నమ్మకం మీదే నడిచింది.

కుటుంబ నేపథ్యం

పైడిరాజుకు 47 ఏళ్లు. ఇరవై ఏళ్లు నిండగానే జిల్లాలోని ఒక జూట్ మిల్లులో చేరి, కొన్నేళ్లకు పర్మినెంట్ అయ్యి, 2015లో మిల్లు లాకౌట్ అయ్యేదాకా అక్కడే పనిచేశారు. ఆ తర్వాత మిల్లు ఒకటి రెండుసార్లు కొన్ని నెలల పాటు తెరుచుకుని మళ్లీ మూతపడింది. అప్పటి నుంచి ఆయన అడ్డా మీద నిలబడే కూలీ. భార్య సింహాచలం మూడిళ్లలో పాచిపని చేస్తారు. కొడుకు సతీష్‌కు 25 ఏళ్లు, డిగ్రీ పూర్తి చేసి పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పైడిరాజు తల్లికి వృద్ధాప్య పింఛను వస్తుంది.

ఆ పింఛను గురించి కొంచెం చెప్పాలి. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలైంది. ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికే వచ్చి చేతిలో పెడతారు. ఆ ఇంటికి వచ్చే డబ్బులో ఏ రోజు వస్తుందో, ఎంత వస్తుందో ముందే తెలిసిన డబ్బు అదొక్కటే. సింహాచలం జీతాలు నెల మొదట్లో వస్తాయి గానీ, ఒక ఇంటివారు మూడున, ఇంకొకరు పదిన ఇస్తారు, ఊరెళ్తే ఆ నెల కోత పెడతారు. కిరాణా కొట్టు ఖాతా, కరెంటు బిల్లు, కూతురి కాలేజీ ఫీజు వాయిదా, అన్నీ ఆ ఒకటో తేదీ చుట్టూ కట్టి ఉన్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి పింఛను మీద నలుగురు పెద్దవాళ్లు బతుకుతున్నారని కాలనీలో కొందరు ఎకసెక్కంగా అంటుంటారు. పైడిరాజు తిండి మానేయడానికి ఆ మాట ఒక కారణమని తర్వాత తెలిసింది.

అడ్డా మీద గంటలు

మొదటి దశలో నేను చేసిన పని పైడిరాజు చేత దినచర్య పట్టిక రాయించడం. ఆయన అక్షరాలు కూడబలుక్కుని రాస్తారు కాబట్టి ఆయన చెబుతుంటే కూతురు రాసింది. తెల్లవారుజామున లేచి, పార, గమేళా సైకిలుకు కట్టుకుని, ఆరు గంటలకల్లా అడ్డాకు చేరతారు. మేస్త్రీలు, ఇల్లు కట్టించుకునేవారు, సామాను దింపించుకునేవారు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్యలో వస్తారు. వచ్చినవారి కళ్లు ముందు కుర్రవాళ్ల మీద పడతాయి, తర్వాత తెలిసిన ముఖాల మీద. ఎనిమిదిన్నర దాటాక బేరాలు దాదాపు ఉండవు. అయినా పైడిరాజు పదకొండు దాకా అక్కడే ఉంటారు. ఆయనే కాదు, పని దొరకనివారిలో చాలామంది ఉంటారు.

ఎందుకుంటారన్నది ఈ కేసులో కీలకమైన ప్రశ్న. బయటివారికి అది అర్థం లేని పనిగా కనిపిస్తుంది. పైడిరాజు ఇచ్చిన జవాబును ఆయన మాటల్లోనే రాసుకున్నాను: "పని దొరకనేదని సెప్పడానికి నోరు రాదమ్మా. ఆవిడ తెల్లారగట్ల లేసి వొండి కేరేజీ కడతాది. దాన్ని అలాగే ఎనక్కి ఎలా తెచ్చీది?" పని దొరకని రోజున ఆయన ఇంటికి వెళ్లకుండా అయ్యకోనేరు గట్టుకు చేరి, మధ్యాహ్నం అక్కడే క్యారేజీ విప్పి తిని, గిన్నెలు కడిగి, పని రోజుల్లో ఎలా వస్తారో అలాగే సాయంత్రం అయిదున్నరకు ఇంటికి చేరేవారు. ఆ రోజు కూలి ఏదని అడిగితే మేస్త్రి వారానికోసారి లెక్క చూస్తానన్నాడని చెప్పేవారు. సింహాచలానికి ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. ఎండలో సిమెంటు పని చేసి వచ్చిన చొక్కాకూ, గట్టు మీద కూర్చుని వచ్చిన చొక్కాకూ తేడా ఉతికే మనిషికి తెలియదా అని ఆమె నాతో విడిగా అన్నారు. తెలిసీ ఆమె అడగలేదు, ఆమెకు తెలుసని గ్రహించి కూడా ఆయన చెప్పలేదు. ఆ దాపరికాన్ని ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి మోశారు.

అడ్డా మీద పని దొరకడం, దొరకకపోవడం కూలీ చేతిలో లేని ఎన్నో విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఆషాఢంలో శంకుస్థాపనలు ఉండవు కాబట్టి కొత్త పనులు మొదలుకావు. వానాకాలంలో పునాదుల్లో నీళ్లు నిలుస్తాయి. పైడితల్లమ్మ సిరిమాను పండుగకు ముందు సున్నాలు, పందిళ్లు, సామాన్ల ఎగుమతి దిగుమతులతో కొద్ది వారాల పాటు చేతినిండా పని ఉంటుంది, ఆ తర్వాత పల్చబడుతుంది. 2019లో రాష్ట్రమంతటా ఇసుక కొరత వచ్చినప్పుడు నెలల తరబడి అడ్డాలు వెలవెలబోయాయి. ఆ ఏడాదే సింహాచలం మెడలోని నల్లపూసల గొలుసు తాకట్టుకు వెళ్లి, మళ్లీ తిరిగి రాలేదు.

పల్లెల్లో ఉన్నవారికి అప్పట్లో 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఉండేది. పని అడిగిన 15 రోజుల్లోగా చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. భృతి ఏమేరకు అందిందన్నది వేరే విషయం, ఎదురుచూపుకు 15 రోజులని ఒక హద్దు అయితే కాగితం మీద రాసిపెట్టారు. పట్టణంలో ఉన్న పైడిరాజుకు ఆ చట్టం వర్తించలేదు. నెల్లిమర్ల అవతల పల్లెలో ఉండే ఆయన తమ్ముడికి జాబ్ కార్డు ఉంది, వేసవిలో చెరువు పనికి వెళ్తాడు. ఊళ్లో పది గజాల స్థలం కూడా మిగుల్చుకోకుండా పట్నం వచ్చినందుకు తమ్ముడి ముందు చిన్నబోయానని ఆయన చాలాసార్లు అన్నారు.

లెక్కల్లోనూ ఈయన కనిపించరు. కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి జరుపుతున్న కార్మిక శక్తి సర్వేలో వారపు స్థితి ప్రకారం లెక్క వేసేటప్పుడు, ఆ వారంలో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేసినవారిని ఉపాధి ఉన్నవారిగానే తీసుకుంటారు. వారానికి రెండు రోజులు పని దొరికే పైడిరాజు ఆ లెక్క ప్రకారం నిరుద్యోగి కారు. మిగిలిన రోజుల్లో ఆయన అడ్డా మీద నిలబడిన గంటలు ఆ లెక్కలోకి ఎక్కవు.

మిల్లు తెరుస్తారన్న మాట

అడ్డా ఎదురుచూపు సాయంత్రానికి ముగిసిపోతుంది. మిల్లు ఎదురుచూపు తొమ్మిదేళ్లుగా ముగియలేదు. ఉత్తరాంధ్ర గోగునార పంటకు పేరున్న ప్రాంతం. దాని మీద ఆధారపడి లేచిన జూట్ మిల్లులు ప్లాస్టిక్ సంచుల పోటీ, ముడినార కొరత, కరెంటు చార్జీల భారం కలిసి ఒక్కొక్కటిగా నీరసించాయి. ఆహారధాన్యాలకూ చక్కెరకూ గోనె సంచులు వాడాలని 1987లో చట్టం వచ్చినా ఆ పతనం పూర్తిగా ఆగలేదు. గోగు సాగు కూడా తగ్గిపోయింది. ఇవన్నీ పైడిరాజుకు నాకంటే బాగా తెలుసు. మిల్లు ఎందుకు నడవదో ఆయన గంటసేపు వివరంగా చెప్పగలరు. చెప్పి, చివర్లో, "ఈసారి తెరుత్తారంటన్నారమ్మా" అనగలరు కూడా.

ఈ రెండింటి మధ్య వైరుధ్యం చూసి ఆయన వాస్తవాన్ని అంగీకరించలేకపోతున్నారని అనుకోవడం తేలిక. కానీ ఆయన లెక్క వేరు. లాకౌట్ అంటే మిల్లు మూతపడిందే గానీ కార్మికుడి ఉద్యోగం రద్దు కాలేదు. రిజిస్టరులో ఆయన పేరు ఇంకా ఉంది. ఉద్యోగం ముగిశాక సర్వీసుకు లెక్కగట్టి యాజమాన్యం ఇచ్చే గ్రాట్యుటీ కావాలంటే ఆ ఉద్యోగ సంబంధాన్ని తెంచుకోవాలి, అంటే రాజీనామా ఇవ్వాలి. ఇస్తే, రేపు మిల్లు తెరిచినప్పుడు పిలుపు రాదు. "తెరిసిన రోజున నా పేరు నేకపోతే ఏటి సేత్తాను?" అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నను నేనెన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. తొమ్మిదేళ్లు కాచుకున్న మనిషికి పదో ఏట వదిలేయడం మొదటి ఏట వదిలేయడం కంటే కష్టం.

ఇదే ఎదురుచూపు ఆయన్ను ఊరికి కట్టేసింది. తోటివారు విశాఖపట్నం, చెన్నై, హైదరాబాద్ రైళ్లెక్కి భవన నిర్మాణ పనులకు వెళ్లినప్పుడు ఈయన వెళ్లలేదు. గేటు తెరిచిన రోజున అక్కడ ఉండాలని అనుకున్నారు. వలస వెళ్లనివాడు పని దొంగ అని కాలనీలో ఒక మాట ఉంది. ఆ మాట అనేవారికి ఈ రిజిస్టరు సంగతి తెలియదు.

సతీష్

సతీష్ కథను రాష్ట్రంలో వేలాది ఇళ్లలో గుర్తుపడతారు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న జరిగిన ప్రిలిమ్స్‌ను నాలుగున్నర లక్షల మందికి పైగా రాస్తే 95,208 మంది అర్హత సాధించారు. వారిలో సతీష్ ఒకడు. మార్చిలో జరగాల్సిన దేహదారుఢ్య పరీక్షలు ఎమ్మెల్సీ ఎన్నికల వల్ల వాయిదా పడ్డాయి, తర్వాత కోర్టు వ్యాజ్యం వచ్చింది. ఆ ఈవెంట్స్ చివరకు మొదలైంది 2024 డిసెంబరు 30న.

నేను కలిసేనాటికి అతను ఏడాదిన్నరగా ఈవెంట్స్ కోసం సిద్ధంగా ఉన్నాడు. 1,600 మీటర్లు 8 నిమిషాల్లోపు పరుగెత్తాలి. ఆ సామర్థ్యాన్ని ఒక నెల తెచ్చుకుని నిలబెట్టుకోవడం వేరు, తేదీ తెలియకుండా ఏడాదిన్నర పాటు రోజూ నిలబెట్టుకోవడం వేరు. రోజు మానేస్తే భయం, పరుగెత్తితే మోకాలి నొప్పి. పాలు, గుడ్లు, బూట్లు అన్నీ ఖర్చే, ప్రతి ఖర్చూ తండ్రి ముఖం చూసి అడగాల్సిందే. వచ్చే వారమే ఈవెంట్స్ అని యూట్యూబ్ చానళ్లు, టెలిగ్రామ్ గ్రూపులు ప్రతి వారం చెప్పేవి. అతను రాత్రి రెండింటికి కూడా లేచి ఫోను చూసుకునేవాడు. ఉదయం మైదానం, తర్వాత జిల్లా గ్రంథాలయంలో సాయంత్రం దాకా చదువు. ఇతన్ని పనిలేనివాడని ఎవరైనా ఎలా అంటారో నాకు అర్థం కాలేదు.

చిన్న ఉద్యోగం ఏదైనా చూసుకోవచ్చు కదా అని తండ్రి అడిగేవారు. కొరియరు పని, బట్టల షాపు పని రెండూ వచ్చినా అతను వద్దన్నాడు. తేదీ రేపే రావచ్చు, అప్పుడు సెలవెవరిస్తారన్నది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం చాలా రోజులకు చెప్పాడు. పరీక్షకు తయారవుతున్నంత కాలం తనొక అభ్యర్థి. షాపులో నిలబడిన రోజు నుంచి తను షాపు కుర్రాడు. పెళ్లి సంబంధాల దగ్గర, స్నేహితుల దగ్గర ఆ మొదటి గుర్తింపే అతనికి మిగిలింది. 2024 జులైలో ఇదే విషయం మీద తండ్రితో పెద్ద గొడవ జరిగి, అతను రెండు రాత్రులు స్నేహితుడి గదిలో ఉండిపోయాడు. తండ్రి తిండి మానేసింది అప్పటి నుంచే.

మరియెంతాల్‌తో పోల్చినప్పుడు

నిరుద్యోగం మీద మానసిక, సామాజిక అధ్యయనాల్లో తొలితరంది ఆస్ట్రియాలో వియన్నా దగ్గరి మరియెంతాల్ అనే కార్మికవాడలో జరిగింది. అక్కడి బట్టల మిల్లు మూతపడ్డాక 1931-32లో మారీ జహోదా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆ ఊరి రోజువారీ జీవితాన్ని పరిశీలించారు. పని పోయినవారి చేతికి బోలెడంత సమయం వచ్చినా దాన్ని వాడుకునే శక్తి వారిలో సన్నగిల్లిందని తేల్చారు. రుసుము ఎత్తేసినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకోవడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవారు మెల్లగా, ఆగి ఆగి నడిచేవారు. ఆడవారికి ఇంటి చాకిరీ ఉంది కాబట్టి వారి నడకలో ఆ జాప్యం లేదు.

పైడిరాజులో నాకు ఆ మరియెంతాల్ మనిషి కనిపించాడు. సింహాచలంలో ఆ ఊరి ఆడవారూ కనిపించారు. ఆమెకు ఎదురుచూడడానికి తీరిక లేదు, అందరి ఎదురుచూపుల ఖర్చూ ఆమె కాళ్ల మీదే పడింది. సతీష్ మాత్రం ఆ చట్రంలో ఇమడడు. మన దగ్గర నిరుద్యోగం గ్రంథాలయాలను ఖాళీ చేయలేదు, పొద్దుటే వెళ్లకపోతే కుర్చీ దొరకనంతగా నింపింది. ఉత్తరాంధ్రలో చదువుకున్న పేద యువకుడి ఎదురుచూపు చలనం లేనిది కాదు, విపరీతమైన శ్రమతో కూడినది. అందుకే అతనికి విశ్రాంతీ ఉండదు, ఫలితమూ ఉండదు. యూరప్‌లో తొంభై ఏళ్ల కిందట వేసిన అంచనాలను ఇక్కడి యువకులకు యథాతథంగా వర్తింపజేయకూడదని నా అభిప్రాయం.

అంచనా

పైడిరాజుకు కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని తెలుగులో ఇచ్చినప్పుడు 14 వచ్చింది, అంటే మధ్యస్థ స్థాయి కుంగుబాటు. నిద్ర, ఆకలి, ఏకాగ్రత మూడూ దెబ్బతిన్నాయి. మద్యం అప్పుడప్పుడు తీసుకుంటారు గానీ అది ప్రధాన సమస్య కాదు. "నానుండి ఏటి లాభం" అన్న మాట వచ్చినందువల్ల ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను. ఆలోచన వచ్చిపోతుంటుందనీ, పథకమేదీ లేదనీ చెప్పారు. అదే రోజు సింహాచలంతో, ఆయన అనుమతితో, మాట్లాడి, ఇంట్లో పురుగుమందులాంటివి లేకుండా చూసుకున్నాం. ఆయన్ను ఒంటరిగా వదలకుండా ఉండే ఏర్పాటు చేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416ను ఇద్దరి ఫోన్లలోనూ వేసి ఇచ్చాను. మరుసటి రోజు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్తే డాక్టరు గారు తక్కువ మోతాదులో మందు మొదలుపెట్టారు. సతీష్‌లో ఆందోళన, నిద్రలేమి ఉన్నాయి, మందు అవసరం రాలేదు.

ఎదురుచూపుల మీద పని

మందు పనిచేయడం మొదలుపెట్టాక మేం ఆ మూడు ఎదురుచూపులనూ ఒక్కొక్కటిగా విడదీసి మాట్లాడుకున్నాం. ప్రతిదానికీ నేను ఒకే ప్రశ్న వేశాను: దీనికి తేదీ ఎవరు ఇవ్వగలరు, వారు ఇవ్వకపోతే మనమే ఎంతవరకు పెట్టుకోగలం?

అడ్డా విషయం ముందుగా తేలింది. భార్యాభర్తలను కూర్చోబెట్టి క్యారేజీ సంగతి ఇద్దరి నోటా చెప్పించాను. ఆ గంట చాలా కష్టంగా గడిచింది. సింహాచలం ఏడవలేదు, కోప్పడ్డారు: "నాకు తెల్దనుకున్నావేటి? ఆ గట్టు మీద ఎండలో కూకున్నీకన్నా ఇంటికొచ్చి తిను." తొమ్మిది గంటలకల్లా బేరం కుదరకపోతే ఇంటికి వచ్చేయాలని ఆ రోజే నిర్ణయించుకున్నారు. మొదట్లో ఆయన పదింటిదాకా ఉండిపోయేవారు, నెల గడిచాక తొమ్మిదికి వచ్చేయడం అలవాటైంది. ఖాళీ అయిన పూటను ఏం చేయాలన్నదానికి నేను ముందుగా ఏమీ సూచించలేదు. ఆయనే తల్లిని ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం, రేషను, సచివాలయం పనులు చూడడం మొదలుపెట్టారు. దానివల్ల సింహాచలానికి వారంలో కొన్ని గంటలు మిగిలాయి.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ధ్రువీకరణ కావాలి. రోజుకో యజమాని మారే అడ్డా కూలీకి అది ఎవరిస్తారు? ఒక కార్మిక సంఘం ద్వారా పత్రం వచ్చింది, నమోదు పూర్తయింది. అడ్డా మీద నిలబడేవారిలో చాలామందికి ఈ నమోదు లేదని అప్పుడే చూశాం. పైడిరాజు తనతో పాటు మరికొందరిని సంఘం దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన గొంతు పెద్దది కావడం నేను మొదట విన్నది ఆ సందర్భంలోనే.

మిల్లు విషయానికి నెలలు పట్టింది. రాజీనామా చేయమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన లెక్క ఆయన వేసుకోవడానికి కావలసిన సమాచారం తెచ్చి ముందు పెట్టాను. కార్మిక శాఖ కార్యాలయానికి కలిసి వెళ్లాం. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం సర్వీసులో ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున రావాలి. ఆయన చివరి నెల జీతం 10,400 రూపాయలు. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 400, పదిహేను రోజులకు 6,000. లాకౌట్‌కు ముందు పూర్తి చేసిన 17 ఏళ్లకే చూసినా 1,02,000 రూపాయలవుతుంది. కార్మికుడి తప్పు లేకుండా పని ఆగిపోయిన కాలం వల్ల సర్వీసు తెగిపోదని కూడా ఆ చట్టంలో ఉంది కాబట్టి, తర్వాతి ఏళ్లనూ కలపమని అడిగే అవకాశం ఉంది. చెల్లించాల్సిన 30 రోజుల గడువు దాటితే వడ్డీ కట్టాలి. ఈ అంకెలన్నీ కూతురు నోటుబుక్కులో రాసి తండ్రికి చదివి వినిపించింది. ఆయన ఆ కాగితాన్ని మడిచి చాలా రోజులు జేబులో ఉంచుకున్నారు.

2024 నవంబరులో ఆయనే రాజీనామా లేఖ రాయమని అడిగారు. లేఖ మూడు వాక్యాలే. సంతకం పెట్టే ముందు తనతో పాటు చేరిన ఇద్దరు పాత కార్మికులను పిలిపించుకుని, వారి ఎదుట పెట్టారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఆ వారం ఆయన కుంగుబాటు పెరుగుతుందని ఊహించి దగ్గరగా గమనించాను. నిద్ర రెండు మూడు రాత్రులు చెడింది, అంతకుమించి ఏమీ కాలేదు.

భవిష్య నిధి (పీఎఫ్) సంగతి వేరే చిక్కు. మొదటి లాకౌట్‌లో కొంత ముందస్తుగా తీసుకోగా మిగిలిన మొత్తం ఉంది గానీ, ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీ, నిధి ఖాతాలో ఉన్న తేదీ కలవలేదు. దిద్దుబాటు పత్రం మీద సంతకం పెట్టడానికి మిల్లు కార్యాలయంలో ఎవరూ దొరకలేదు. చివరకు గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో అది ముందుకు కదిలింది. డబ్బు 2025 మార్చిలో ఖాతాలో పడింది. నూటికి ఐదు రూపాయల వడ్డీ అప్పు ఒకటి దానితో తీరింది.

సతీష్‌తో పని మరో దారిలో నడిచింది. ఈవెంట్స్ తేదీ ప్రకటించడం అతని చేతిలో లేదు. ఫోను చూసుకోవడం మీద మాత్రం అతనికి పట్టు ఉంది. నియామక మండలి వెబ్‌సైటును రోజుకు ఒక్కసారి, సాయంత్రం ఆరు గంటలకు మాత్రమే చూడాలని, మిగతా చానళ్లను, గ్రూపులను తీసేయాలని ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే నిద్ర మెరుగుపడింది. పని విషయంలో అతని అభ్యర్థి గుర్తింపు చెదరకుండా ఉండే దారి వెతికాం. ఒక జిరాక్స్, నెట్ సెంటరులో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా పని దొరికింది. ఉద్యోగ దరఖాస్తులు నింపే చోటే కాబట్టి అక్కడ ఉండడాన్ని అతను చిన్నతనంగా భావించలేదు. ఈ నోటిఫికేషన్ ఫలితం వచ్చేదాకా పూర్తిస్థాయిలో చదువుతాననీ, ఎంపిక కాకపోతే ఆ తర్వాత పూర్తికాలం పనిలో చేరి వీలున్నప్పుడే పరీక్షలు రాస్తాననీ తండ్రి ముందు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం అడిగింది తండ్రి కాదు, సతీషే ఇస్తానన్నాడు. తండ్రి దాన్ని చదివి, ఇంక అంతవరకు తను ఈ మాట ఎత్తనని అన్నారు, ఎత్తలేదు కూడా.

ఫలితాలు

జనవరి మొదటి వారంలో సతీష్ ఈవెంట్స్‌లో అర్హత సాధించాడు. 2025 జూన్ 1న మెయిన్స్ రాశాడు. ఆగస్టు 1న వచ్చిన తుది ఫలితాల్లో అతని పేరు లేదు. నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా రెండేళ్ల ఎనిమిది నెలలు. ఆ రోజు అతను ఇంటికి వెళ్లకుండా నెట్ సెంటరులోనే ఉండిపోతే, పైడిరాజు వెళ్లి కూర్చుని, షాపు మూశాక కలిసి వచ్చారు. వారిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. రెండు వారాల తర్వాత సతీష్ రాసిచ్చిన మాట ప్రకారం పని వెతుక్కున్నాడు. ఇప్పుడు పట్టణంలోని ఒక మందుల పంపిణీ దుకాణంలో స్టాకు లెక్కలు చూస్తున్నాడు. జీతం తక్కువే, ఐదో తేదీన ఇస్తారు. తర్వాతి నోటిఫికేషన్‌కు వయసు మిగిలి ఉంది, రాస్తానంటున్నాడు. ఓడిపోయినవాడి మాటలా కాకుండా మామూలుగానే ఆ మాట అంటున్నాడు.

పైడిరాజు పీహెచ్‌క్యూ-9 సంఖ్య 2025 సెప్టెంబరుకు 6కు తగ్గింది. డాక్టరు గారు మందు నెమ్మదిగా తగ్గిస్తున్నారు. పని ఇప్పటికీ వారానికి రెండు, మూడు రోజులే దొరుకుతోంది. ఆయన ఆదాయంలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే ఆరోగ్యం ఇంతవరకు కుదుటపడిందన్నది గమనించాలి. ఇది చూపి ఉపాధి లేకపోయినా కౌన్సెలింగ్ చాలునని ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకోను. పట్టణ పేదలకు పనికి చట్టబద్ధమైన హామీ, మూతపడిన పరిశ్రమల కార్మికులకు బకాయిల చెల్లింపులో కాలపరిమితి, నియామక పరీక్షలకు దశలవారీగా ముందే ప్రకటించి పాటించే తేదీలు, ఈ మూడూ ప్రభుత్వాల బాధ్యత. వాటి స్థానంలో నా వంటి వారిని కూర్చోబెట్టడం పేదలకు అన్యాయం.

గ్రాట్యుటీ దరఖాస్తు కార్మిక శాఖ అధికారి ముందు విచారణలో ఉంది. యాజమాన్యం తరఫువారు ఒకసారి వచ్చారు, రెండుసార్లు రాలేదు. అయినా ప్రతిసారీ తర్వాతి విచారణ ఫలానా రోజునని చీటీ మీద రాసి ఇస్తున్నారు. పైడిరాజు ఆ చీటీలను తల్లి పింఛను పుస్తకంలో పెట్టి దాచుకుంటున్నారు. వెళ్లేటప్పుడు తోడుగా మిగతా కార్మికులను తీసుకెళ్తున్నారు. వారిలో కొందరు రాజీనామా ఇవ్వాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నారు. ఎవరి నిర్ణయం వారిదేనని ఆయన వారితో అనడం విన్నాను.

సింహాచలం పేరుతో విడిగా ఒక ఫైలు తెరిచాం. వారం వారం కట్టే మైక్రో ఫైనాన్స్ వాయిదాలు రెండు ఆమె పేరున ఉన్నాయి, నడుము నొప్పి పాతది. ఉదయం, సాయంత్రం పని ఇళ్లకు వెళ్లే ఆమెకు మా మహిళా బృందం సమావేశ వేళ కుదరదు కాబట్టి దాన్ని మధ్యాహ్నం మూడు గంటలకు మార్చాం. ఆమెతో పాటు పాచిపని చేసే మరి కొందరు కూడా ఇప్పుడు రాగలుగుతున్నారు. వారు మొదటి సమావేశంలో చర్చకు పెట్టిన విషయం జీతం తేదీ. యజమానులందరూ నెలలో ఒకే రోజున జీతం ఇచ్చేలా ఎలా అడగాలన్నది వచ్చే సమావేశంలో తేలుస్తారు.